కళ్ళంలో భూగోళం: 637 సెంటీమీటర్ల తీగ, గుప్పెడు ముగ్గు

కోనసీమలో ఫిల్టర్ పాయింట్లు (ఇసక పొరలోంచి నీళ్ళు తోడే చిన్న బోర్లు) దింపేవాళ్ళని అడిగితే భూమి లోపల ఏముందో తడుముకోకుండా చెప్తారు. పైన ఒండ్రు, దాని కింద జిగట మన్ను, తర్వాత సన్న ఇసక, ఇంకాస్త దిగితే ముతక ఇసక, అందులో నీళ్ళు. మరీ ఆశపడి దిగితే ఉప్పునీళ్ళు. ఈ వరసలో రాయి అన్న మాటే రాదు. రావులపాలెం దాటి కిందకి వచ్చాక పునాదికి కంకర కావాలన్నా, కాలవ గట్టుకి బండ కావాలన్నా లారీలో రావాల్సిందే. ఇలాంటి నేల మీద పెరిగిన పిల్లాడికి భూమిలో నూటికి 84 వంతులు గట్టి రాయి అంటే వింతగానే ఉంటుంది. దానికి తోడు బళ్ళో చూసే బొమ్మ ఒకటి: పైన వేలెడు మందాన భూపటలం, దాని కింద ఎర్రగా మరుగుతున్న భూప్రావారం, మధ్యలో పసుపుపచ్చ ముద్ద. ఆ బొమ్మలో కొలతా తప్పే, రంగూ తప్పే.

కొలత సరిచేయాలంటే కాగితం చాలదు, కళ్ళం కావాలి. బడి మైదానమైనా ఫర్వాలేదు. సెంటీమీటరుకి 10 కిలోమీటర్లు అనుకుంటే, 6,371 కిలోమీటర్ల భూమి వ్యాసార్ధం 637 సెంటీమీటర్లవుతుంది. ఒక మేకు, స్లాబు కడ్డీలు కట్టే బైండింగ్ వైరు ఏడు మీటర్లు, కొలిచే టేపు, ముగ్గుపిండి ఉంటే సరి. తాడు మాత్రం వాడకండి. కొబ్బరి తాడైనా నైలాను తాడైనా లాగినకొద్దీ సాగుతుంది. నాలుగు వేళ్ళ మేర సాగిందంటే 70 కిలోమీటర్లు పోయినట్టే, అంటే భూపటలం మందానికి దాదాపు రెండింతలు తప్పు. వైరునైనా ముందు ఒకసారి బిగలాగి మెలికలు తీసేయాలి. మెలిక ఉన్నచోట పొట్టిదైపోతుంది.

మేకు దగ్గర భూకేంద్రం. అక్కణ్ణుంచి తీగ మీద 122, 348, 571, 596, 633, 637 సెంటీమీటర్ల దగ్గర రంగు దారాలు కట్టుకోండి. పూర్తి వృత్తానికి 13 మీటర్ల స్థలం పడుతుంది కాబట్టి పుచ్చకాయ చెక్కలాంటి ముక్క గీసుకుంటే చాలు. మేకు దగ్గర మొదలుపెట్టి బయటికి రండి, లేకపోతే గీసిన గీతలు మీ కాళ్ళకిందే చెరిగిపోతాయి.

అసలు చిక్కు ముగ్గు గీత దగ్గర వస్తుంది. చేత్తో వేసిన గీత సన్నగా అంటే అర సెంటీమీటరు, చెయ్యి కాస్త వదులైతే సెంటీమీటరు. సముద్రాల కింద భూపటలం మందం సగటున 7 కిలోమీటర్లు, అంటే మన పటంలో 7 మిల్లీమీటర్లు. ముగ్గు గీతే దాన్ని మింగేస్తుంది. ఖండాల కింద 35 నుంచి 40 కిలోమీటర్లు కాబట్టి రెండు వేళ్ళ వెడల్పు, తీగ మీద 633 దారం నుంచి 637 దారం దాకా. ఎవరెస్టు 9 మిల్లీమీటర్ల బొడిపె. మనిషి ఇప్పటిదాకా తవ్విన అతి లోతైన బోరు రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. 1970లో మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. మన పటంలో అది సెంటీమీటరుంపావు. 100 అడుగుల ఫిల్టర్ పాయింటు సంగతి అడక్కండి, ముగ్గుపిండి రేణువు అంత కూడా ఉండదు.

భూమిని గుడ్డుతో పోల్చడం పుస్తకాల అలవాటు. మన వైపు కొబ్బరికాయ ఉంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పీచు వలిచిన కాయ 12 సెంటీమీటర్ల అడ్డకొలత ఉందనుకుంటే, ఆ లెక్కన భూపటలం మిల్లీమీటరులో మూడో వంతు. కొబ్బరి చిప్ప దానికి పదింతలు మందం. పైగా కాయ నడిమధ్యన నీళ్ళుంటాయి, భూమి నడిమధ్యన గట్టి ఇనుము ఉంటుంది. ద్రవం ఉన్నది దాని చుట్టూ.

ఇక మన కాళ్ళ కిందకి వద్దాం. పటంలో పైన ఉన్న అర సెంటీమీటరు, అంటే ఐదారు కిలోమీటర్లు, డెల్టాలో ఒండ్రు, ఇసక, బంకమన్ను గట్టిపడి తయారైన రాళ్ళే. గ్యాసు, చమురు బావులు దిగేది ఈ మందంలోకే. 1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు భూమి లోపలి నిప్పే పైకి వచ్చిందని అనుకున్నవాళ్ళు ఉన్నారు. కాదు. అది రాతి సందుల్లో ఒత్తిడి మీద ఇరుక్కుని ఉన్న గ్యాసు. పటం చెప్పే లెక్కలో అది ముగ్గు గీత లోపలి వ్యవహారమే.

ఈ మందంలో ఒక పొరని మాత్రం కళ్ళారా చూడొచ్చు. కొవ్వూరు అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి తీస్తారు. మన స్లాబుల్లో పడే కంకర చాలావరకు అదే. అది బసాల్టు, గడ్డకట్టిన లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పడమటి కనుమల వైపు పొంగిన దక్కన్ లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చింది. భూమ్మీద తెలిసినవాటిలో ఇంత దూరం పారిన లావా మరొకటి లేదంటారు. క్వారీ గోడకి ఎదురుగా నిలబడితే కింద ఒక నల్ల పొర, దాని మీద తెల్లటి సున్నపురాయి పట్టీ, పైన మళ్ళీ నల్ల పొర కనిపిస్తాయి. ఆ తెల్ల పట్టీలో గుల్లలుంటాయి. మొదటి లావా చల్లారాక నీళ్ళు చేరి, గుల్లలు బతికి చచ్చేంత కాలం గడిచాక రెండో లావా వచ్చిందన్నమాట. లావా పొర పైభాగంలో గాలి బుడగల గుంటలుంటాయి, వాటిలో తెల్లటి ఖనిజాలు పేరుకుని ఉంటాయి. అలాంటి రాయి కంకరకి బలం చాలదు. కింద బిగువుగా ఉన్నదే మంచిది. ఇదే నల్లరాయి సముద్రం వైపు వాలుతూ డెల్టా కిందకి దిగిపోతుంది. రాజోలు, నరసాపురం ప్రాంతపు లోతు బావుల్లో కిలోమీటర్ల కింద మళ్ళీ తగులుతుంది.

దానికీ అడుగున ఖోండలైటు, చార్నకైటు. పాపికొండలు ఏ రాయో అదే రాయి. మనదేశం ఒకప్పుడు భాగంగా ఉన్న గోండ్వానా మహాఖండం చీలినప్పుడు కుంగిపోయిన పల్లంలో పడింది కాబట్టి మనకి కనిపించదు, అంతే తేడా. ఈ రాళ్ళు పుట్టింది 25, 30 కిలోమీటర్ల లోతులో, 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో. కోట్ల ఏళ్ళపాటు పైనున్నది అరిగిపోగా బయటపడ్డాయి. అంటే భూపటలం అడుగుభాగం ఎలా ఉంటుందో చూడ్డానికి బోరు వేయక్కర్లేదు, ఆ కొండరాళ్ళు అరిగి గోదావరిలో కొట్టుకొచ్చి చేరిన అంతర్వేది ఇసక చాలు.

అక్కడ అలలు బలంగా కొట్టి వెనక్కి వెళ్ళినచోట ఇసక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఆ చారలోంచి గుప్పెడు తీసి, సగం కొబ్బరి చిప్పలో వేసి, నిండా నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పుతూ కొంచెం కొంచెంగా ఒంపండి. తెల్లటి క్వార్ట్‌జ్ సాంద్రత 2.65, అది ముందు పోతుంది. గార్నెట్టు 4 చిల్లర, ఇల్మెనైటు 4.7, మాగ్నెటైటు 5.2, ఇవి అడుగున ఉండిపోతాయి. తొందరపడి విసురుగా ఒంపితే గార్నెట్టు కూడా కొట్టుకుపోతుంది. ఎండబెట్టాక పాత స్పీకరు అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి పైన ఆడించండి. కవరు లేకుండా పెట్టారంటే రేణువులు వదలవు, గంటసేపు గీక్కోవాలి. మొదట ఎగిరి అంటుకునేది మాగ్నెటైటు. ఇల్మెనైటుకి ఆ అయస్కాంతం చాలదు, గట్టి నియోడిమియం ముక్క కావాలి. చివరికి మిగిలిన వాటిలో గులాబీ రంగులో మెరిసేవి గార్నెట్లు. భూతద్దం పెట్టి చూస్తే దానిమ్మ గింజ ముక్కల్లా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకప్పుడు మన పటంలో మూడు సెంటీమీటర్ల కింద ఉన్నవే.

భూపటలం ఎక్కడ ముగుస్తుందో తవ్వి చూసినవాళ్ళు లేరు. కాలం లెక్కగట్టి కనిపెట్టారు. 1909 అక్టోబరులో క్రొయేషియాలోని జాగ్రెబ్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు, భూకంపాలు నమోదుచేసే దగ్గరి కేంద్రాల్లో ఒక రకం తరంగం ముందు చేరిందనీ, దూరపు కేంద్రాల్లో ఇంకొకటి దాన్ని దాటేసి వచ్చిందనీ అక్కడి శాస్త్రవేత్త ఆండ్రియా మొహొరొవిచిచ్ గమనించాడు. ఇందులో మర్మం ఏమీ లేదు. రావులపాలెం నుంచి పక్క ఊరికి వెళ్ళాలంటే కాలవగట్టు రోడ్డే దగ్గర. విశాఖ వెళ్ళాలంటే కాస్త చుట్టయినా హైవే ఎక్కినవాడే ముందు చేరతాడు. భూపటలంలో పి తరంగం (భూకంపం నుంచి అన్నిటికన్నా ముందు చేరేది) సెకనుకి 6 కిలోమీటర్ల చిల్లర వేగంతో పోతే, దాని కింద 8 కిలోమీటర్లు. 40 కిలోమీటర్ల మందమున్న చోట 200 కిలోమీటర్ల అవతల నుంచి హైవే వాడే గెలుస్తాడు. ఎంత దూరాన గెలిచాడో తెలిస్తే హైవే ఎంత లోతున ఉందో లెక్కకట్టొచ్చు. ఆ సరిహద్దునే మోహో అంటారు. మనదేశంలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్ళు భూపటలం మందం తేల్చేది ఇలాంటి తరంగాల లెక్కలతోనే.

మోహో దాటాక భూప్రావారం. 2,890 కిలోమీటర్ల లోతు దాకా అదే. పటానికి దీని రంగు ఎరుపు వేయకండి, ఆకుపచ్చ వేయండి. పైభాగంలో ఎక్కువగా ఉండేది ఆలివిన్, పచ్చటి ఖనిజం. ఎర్ర ద్రవం అన్న భ్రమకి ఒక్క సాక్ష్యం చాలు: 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. లోతు సుమారు 50 కిలోమీటర్లు, అంటే సముద్రపు భూపటలానికి బాగా దిగువన, భూప్రావారంలో. ద్రవం విరగదు కదా. అక్కడ గట్టి రాయి ఉండబట్టే పుటుక్కున విరిగింది.

మరి ఇంత వేడిలో కరగదా? పై కిలోమీటర్లలో దిగినకొద్దీ కిలోమీటరుకి 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. కోలా బోరు అడుగున 180 డిగ్రీలు తేలింది, తవ్వినవాళ్ళు అనుకున్నది 100. ఇదే లెక్క కేంద్రం దాకా సాగితే 1,90,000 డిగ్రీలు కావాలి. అలా జరగదు. భూపటలంలో వేడి రాతి గుండా మెల్లగా పాకుతుంది. భూప్రావారంలో రాయే కదిలి వేడిని మోసుకొస్తుంది కాబట్టి అక్కడ పెరుగుదల కిలోమీటరుకి అర డిగ్రీ లోపే. రెండోది ఒత్తిడి. ప్రెషర్ కుక్కర్లో నీళ్ళు 100 దగ్గర మరగవు, 120 దాకా ఆగుతాయి. ఒత్తిడి పెరిగితే రాయి కూడా అలాగే కరగడానికి మొరాయిస్తుంది. కుక్కరు మూత తీస్తే ఏమవుతుందో, అడుగు నుంచి వేడి రాయి పైకి లేచి ఒత్తిడి తగ్గినచోట అదే అవుతుంది: వేడి పెంచక్కర్లేదు, కొంత భాగం కరుగుతుంది. దక్కన్ లావా అలా పుట్టిందే. గౌరీపట్నం కంకర భూప్రావారపు రసం, కేంద్రం నుంచి వచ్చింది కాదు.

గట్టి రాయి కదలడం ఏమిటంటారా? రోడ్డు పని అయ్యాక పక్కన పడేసిన తారు డబ్బాని చూడండి. సుత్తితో కొడితే తారు పెంకుల్లా పగులుతుంది. అదే డబ్బా ఒరిగి వేసవంతా పడి ఉంటే తారు మూతి దాటి కిందకి జారి ముద్దవుతుంది. దెబ్బకి పగిలేదీ, కాలానికి పారేదీ ఒకటే. భూప్రావారం పారేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు.

596, 571 దగ్గర కట్టిన దారాలు 410, 660 కిలోమీటర్ల లోతులు. అక్కడ రాయి మారదు, దాని లోపలి అమరిక బిగుసుకుంటుంది. ఆలివిన్ పరమాణువులు దగ్గరికి సర్దుకుని ముందు వాడ్‌స్లైటు, తర్వాత రింగ్‌వుడైటు, 660 కింద బ్రిడ్జ్‌మనైటు అవుతాయి. భూమిలో ఎక్కువగా ఉన్న ఖనిజం ఈ చివరిదే. దానికి పేరు పెట్టిందేమో 2014లో.

కేంద్రంలో రాయి లేదని ఎలా తెలుసు? తూకం వేసి. ఇది ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. డిజిటల్ కాటా మీద నీళ్ళున్న బకెట్టు పెట్టి సున్నా చేయండి. కంకర రాయిని దారానికి కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకీ గోడకీ తగలకుండా వేలాడదీయండి. కాటా చూపించే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. రాయి విడిగా 870 గ్రాములు తూగి, నీళ్ళలో వేలాడదీస్తే కాటా 300 చూపిస్తే సాంద్రత 2.9. రాయి అడుగుకి తగిలితే సంఖ్య అమాంతం పెరిగిపోయి సాంద్రత తక్కువొస్తుంది. తొర్రలున్న ఎర్రరాయి వాడితే నీళ్ళు పీల్చుకుని లెక్క చెడుతుంది. రాయిని ముందు తడిపి, పట్టిన గాలి బుడగలు తుడిచేయాలి. ఏ మామూలు రాయి తూచినా 2.6, 3 మధ్యలోనే ఉంటుంది. కానీ మొత్తం భూమి సగటు 5.5. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గుండ్లతో చేసిన ప్రయోగంలోనే 5.48 దాకా వచ్చాడు. పైన 2.7 ఉండి సగటు 5.5 రావాలంటే లోపల ఎక్కడో చాలా బరువైనది ఉండి తీరాలి. ఇనుము, కాస్త నికెలు.

అది ఎక్కడ మొదలవుతుందో చెప్పింది మళ్ళీ తరంగాలే. ఇందులో మనదేశపు భూకంపానికీ వాటా ఉంది. 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన పెద్ద భూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేలో ఉన్న రిచర్డ్ ఓల్డ్‌హామ్ పరిశీలించాడు. పి, ఎస్, ఉపరితల తరంగాలు వేర్వేరుగా చేరతాయని రికార్డుల్లో చూపించాడు. 1906లో భూమికి వేరే కేంద్రకం ఉందన్నాడు. దాని లోతు 2,900 కిలోమీటర్లని బెనో గుటెన్‌బర్గ్ లెక్కగట్టాడు. మన తీగ మీద 348 దారం అదే.

తరంగాల తేడా మనవాళ్ళకి 2004 డిసెంబరు 26తో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. సుమత్రా దగ్గర ఉదయం 6:29కి నేల కదిలింది. కోనసీమకి 2,100 కిలోమీటర్ల దూరం. పి తరంగం సుమారు నాలుగున్నర నిమిషాల్లో, ఎస్ తరంగం ఎనిమిది నిమిషాల్లో వచ్చేశాయి. సునామీ అల రావడానికి రెండు గంటల పైనే పట్టింది. పి తరంగం నెట్టుకుంటూ పోతుంది కాబట్టి రాతిలోనూ నీళ్ళలోనూ పోగలదు. ఎస్ తరంగం అడ్డంగా ఊపుకుంటూ పోతుంది, ద్రవానికి అలా ఊగే బిగువు లేదు. 2,890 కిలోమీటర్ల కింద ఎస్ తరంగం పూర్తిగా మాయం. అందుకే కేంద్రకం బయటి భాగం, బాహ్య కేంద్రకం, ద్రవం. ఆ ద్రవ ఇనుము సుడులు తిరగడం వల్లే భూమికి అయస్కాంత గుణం, మరబోటు దిక్సూచికి ఉత్తరం.

ఒక కాగితం మీద వృత్తం గీసి, లోపల 55 శాతం వ్యాసార్ధంతో కేంద్రకాన్ని గీయండి. భూకంపం జరిగిన చోట నుంచి, కేంద్రకాన్ని అలా రాసుకుంటూ పోయే గీత స్కేలుతో గీస్తే అవతల సుమారు 114 డిగ్రీల దగ్గర (భూకేంద్రం దగ్గర కొలిచే కోణం) తేలుతుంది. నిజంలో 104 దగ్గరే తేలుతుంది. లోతుకి పోయినకొద్దీ వేగం పెరిగి కిరణం విల్లులా వంగుతుంది కాబట్టి ఆ పది డిగ్రీలు తగ్గాయి. 104 నుంచి 140 దాకా నేరు పి తరంగం చేరని నీడ పట్టీ. ఇప్పుడు అమలాపురంలో భూకంపలేఖిని పెట్టామనుకోండి. అలాస్కాలో భూకంపం వస్తే దూరం సుమారు 92 డిగ్రీలు, పి తరంగం భూప్రావారం గుండా శుభ్రంగా వచ్చేస్తుంది. కాలిఫోర్నియాలో వస్తే 124 డిగ్రీలు, మనం నీడలో ఉంటాం. పెరూలో వస్తే 159 డిగ్రీలు, ఇంకా దూరమైనా మళ్ళీ అందుతుంది. ఈసారి కేంద్రకంలోంచి దూరి, 20 నిమిషాలకి.

నీడ అన్నచోట పూర్తి చీకటి ఉండాలి. కానీ 1929 న్యూజిలాండ్ భూకంపపు రికార్డుల్లో ఆ పట్టీలోనే బలహీనమైన పి తరంగాలు కనబడ్డాయి. పరికరం లోపమని వదిలేయకుండా ఇంగే లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త వాటిని పట్టుకుని, ద్రవం మధ్యలో దేనికో తగిలి మళ్ళిన తరంగాలని 1936లో తేల్చింది. అదే అంతర కేంద్రకం, 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధం. 5,000 డిగ్రీల పైన వేడి ఉన్నా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 36 లక్షల రెట్లున్న ఒత్తిడి వల్ల గట్టిగానే ఉండిపోయిన ఇనుము. మన కళ్ళంలో 122 దగ్గర గీసే గీత అది. ముక్క గీస్తున్నవాళ్ళు దీన్నొక్కదాన్నీ పూర్తి వృత్తంగా వేసుకోండి, స్థలం రెండున్నర మీటర్లే పడుతుంది. మేకు అప్పుడే పీకకండి. మంచు పడి తెల్లారేసరికి గీతలు చెదిరితే మళ్ళీ అదే కేంద్రం నుంచి దిద్దుకోవచ్చు.